ఖాన్ నుంచి బషీర్ దాకా: ఒక బాప్ గునాహ్, ముప్పై ఏళ్ల కిస్సా

పోయిన రంజాన్‌లో ఒక రాత్రి. తరావీహ్ అయిపోయింది. సదాశివనగర్‌లో మా ఇంటి దాబా మీద చాపలు పరుచుకుని కూర్చున్నాం. కింద హైవే మీద నాగ్‌పూర్ వైపు పోయే లారీల మోత. మా ఆపా కొడుకు, అంటే నా భాంజా, ఇంజనీరింగ్ చదువుతాడు. వాడికి ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్ సీరియళ్ల పిచ్చి. "మామూ, ఇది ఒక్కటి చూడండి. దీంట్లో హీరో పేరు బషీర్" అని మొబైల్‌ని నీళ్ల బిందెకి ఆనించి పెట్టాడు.

బషీర్ అనే మాట చెవిన పడగానే అమ్మీ కూడా తస్బీహ్ పక్కన పెట్టి దగ్గరికి జరిగింది. అమ్మీకి ఇంగ్లీషు రాదు. వాడు నడుమ నడుమ ఆపుతూ ఉర్దూలో చెప్తూ పోయాడు. ముప్పావు గంట కథ. అయిపోయాక బహస్ మొదలైంది. సహరీ వేళ దాకా ఆగలేదు. ఇంటికి ఇంత కోపం తెప్పించిన సీరియల్ నేను ఇంతకుముందు చూడలేదు. అందుకే ఆ కిస్సా ఏమిటో, దాని వెనకాల ఉన్న తారీఖ్ ఏమిటో ఇక్కడ రాస్తున్నాను. ఆ బహస్‌లో నేనెందుకు నోరు విప్పలేదో కూడా చివర్లో చెప్తాను.

ముందు కిస్సా

సీరియల్ పేరు 'స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్'. అమెరికాలో 1993 జనవరి నుంచి 1999 జూన్ దాకా ఏడు సీజన్లు నడిచింది. ఆకాశంలో దూరంగా ఒక స్టేషన్. రకరకాల లోకాల వాళ్లు వచ్చిపోయే సరాయ్ లాంటిది అనుకోండి. అక్కడి డాక్టర్ జూలియన్ బషీర్. చురుకైనవాడు, అందగాడు, తెలివి మీద కొంచెం గురూర్ ఉన్నవాడు. ఐదో సీజన్‌లో, 1997 ఫిబ్రవరి 24న, 'డాక్టర్ బషీర్, ఐ ప్రెజ్యూమ్' అనే ఎపిసోడ్ వచ్చింది. అందులో యుద్ధం లేదు, ఓడల పేలుళ్లు లేవు. ఒక అమ్మ, ఒక నాన్న, ఒక కొడుకు, ఒక పాత రాజ్. అంతే.

డాక్టర్ మోడల్‌గా ఒక హోలోగ్రామ్ తయారు చేద్దామని జిమ్మర్‌మన్ అనే సైంటిస్టు వస్తాడు. నీడతో చేసిన డాక్టర్, మనిషిలాగే మాట్లాడి వైద్యం చేసేది. దానికి బషీర్ స్వభావం కావాలి కాబట్టి దోస్తుల్ని, వాల్దైన్‌ని పిలిపించి సవాళ్లు అడుగుతాడు. బషీర్ వద్దంటాడు. అయినా అమ్మానాన్నా వచ్చేస్తారు. రిచర్డ్ బషీర్, అమ్షా బషీర్.

రిచర్డ్ మాటకారి. ఎప్పుడూ ఏదో ఒక పెద్ద పని చేయబోతున్నట్టే మాట్లాడతాడు. తాను ఒకప్పుడు అంతరిక్ష షటిళ్లు నడిపానన్నట్టు గొప్పలు పోతాడు. కొడుకు ముఖం మీదే అనేస్తాడు: నడపలేదు, అందులో మూడో తరగతి నౌకరు, అదీ కొన్ని నెలలే. ఈ సీన్ దగ్గర నా గుండె ఆగినంత పనైంది. ఎందుకో తర్వాత చెప్తాను.

అప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. వాల్దైన్ తమ కొడుకే అనుకుని హోలోగ్రామ్ బొమ్మ ముందు ఇంటి రాజ్ విప్పేస్తారు. జిమ్మర్‌మన్, బషీర్ దోస్తు ఓబ్రయన్ అది వినేస్తారు. ఆ రాజ్ ఏమిటంటే, చిన్నప్పుడు ఆ పిల్లవాణ్ణి అందరూ జూల్స్ అని పిలిచేవాళ్లు. ఒకటో తరగతిలో తోటి పిల్లలు రాయడం చదవడం నేర్చుకుంటుంటే, వీడికి కుక్కకీ పిల్లికీ, చెట్టుకీ ఇంటికీ తేడా తెలిసేది కాదు. ఏడేళ్లు నిండకముందే తల్లిదండ్రులు వాణ్ణి దూరపు గ్రహానికి తీసుకుపోయి, చట్టం ఒప్పని జన్యు చికిత్స చేయించారు. దాంతో మెదడు మారింది, చూపు మారింది, చేతి చురుకు మారింది, చివరికి పొడుగు కూడా మారింది. ఊరు మారారు, స్కూలు మారారు. జూల్స్ పోయి జూలియన్ వచ్చాడు. పదిహేనో ఏట సంగతి తెలిసిన రోజునుంచి వాడు ఆ చిన్నప్పటి పేరు వదిలేశాడు.

ఆ లోకంలో అలా మార్చిన మనిషికి ఫౌజ్‌లో గానీ, డాక్టరీలో గానీ చోటు లేదు. రాజ్ బయటపడితే కొలువు పోతుంది. బషీర్ ఇస్తీఫా ఇవ్వడానికి తయారవుతాడు. వాల్దైన్‌తో చివరి గొడవలో అంటాడు: మందబుద్ధి కొడుకంటే మీకు షర్మ్, అందుకే చేశారు. అప్పుడు అప్పటిదాకా మౌనంగా ఉన్న అమ్షా మాట్లాడుతుంది. రోజురోజుకీ వెనకబడిపోతున్న బిడ్డని చూస్తూ ఉండటం ఎలా ఉంటుందో, కడుపులో ఉన్నప్పుడు నేనేం తప్పు చేశానో అని రాత్రుళ్లు మేలుకుని ఉండటం ఎలా ఉంటుందో నీకు తెలియదు అంటుంది. షర్మ్ అని మాత్రం అనకు అంటుంది.

మర్నాడు కొడుకు ఇస్తీఫా ఇవ్వడానికి పోతే, అక్కడ రిచర్డ్ అప్పటికే సౌదా కుదుర్చుకుంటూ ఉంటాడు. గునాహ్ నాది, నేను రెండేళ్లు ఖైద్‌లో ఉంటాను, నా కొడుకు ఉద్యోగం ఉండనివ్వండి అని. జీవితమంతా గాలి మాటలు చెప్పిన మనిషి, ఆ ఒక్కసారి ఒక పని చేసి చూపిస్తాడు.

బహస్ మనకు కొత్తది కాదు

కిర్దార్ల గురించి కొట్లాడుకోవడం మన ఘర్లలో నిన్న మొన్న మొదలైంది కాదు. టీవీ రాకముందు దాస్తాన్ ఉంది. అమీర్ హంజా దాస్తాన్‌లో అమర్ అయ్యార్ అని ఒకడు. వేషాలు మార్చడంలో ఉస్తాద్, చేతిలో జంబీల్ అనే సంచి. ఊళ్లకి ఊళ్లు మింగినా అది నిండదు. అమర్ ఒఫాదారా, లాలచీనా? హంజా దోస్తీ కోసం ప్రాణం ఇచ్చేవాడు పైసా దగ్గరికొచ్చేసరికి అంత పిసినారి ఎందుకవుతాడు? వినేవాళ్లు దీని మీద ముఠాలు కట్టేవాళ్లు. లఖ్‌నవూలోని నవల్ కిశోర్ ప్రెస్ ఈ దాస్తాన్‌ని 46 సంపుటాలుగా అచ్చు వేసింది. అందులో అందరికీ ఇష్టమైన భాగం 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా'. దాని మొదటి సంపుటం 1883లో వచ్చిందంటారు. మొదటి నాలుగూ ముహమ్మద్ హుసేన్ జాహ్ రాస్తే, తర్వాతవి అహ్మద్ హుసేన్ ఖమర్ రాశాడు. మాయలో కట్టిన నగరాలు, ఎగిరే తఖ్తులు, రూపం మార్చుకునే మనుషులు. ఇప్పటి భాషలో సైన్స్ ఫిక్షన్ అని మనం పిలిచే దానికి అది నానీ లాంటిది.

ఇక సైన్స్ మాటలంటారా, మన హైదరాబాద్‌లోనే పుట్టాయి. ఉస్మానియా యూనివర్సిటీ కోసం 1917లో దారుత్తర్జుమా పెట్టారు. లెక్కలు, రసాయనం, వైద్యం అన్నీ ఉర్దూలో చదువుకునేలా మాటలు తయారు చేశారు. మన తాతల తరంలో కొందరు ఆ మాటలతోనే చదువుకున్నారు.

తర్వాత టీవీ. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. ఎనభైల్లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో మొదటి 'స్టార్ ట్రెక్' వేసేవాళ్లు. మొహల్లాలో ఒక ఇంట్లో టీవీ, కిటికీలో పదిహేను తలలు. భాష అర్థం కాదు. కానీ చెవులు కొసలు తేలిన స్పాక్ అనే మనిషికి కోపం ఎందుకు రాదో, వాడికి దిల్ ఉందా లేదా అని పిల్లలు కొట్లాడుకునేవాళ్లు. దిల్ ఉందని నేను, లేదని మా ఆపా. ఇప్పుడు ఆమె కొడుకు అదే పని చేస్తున్నాడు.

ఖాన్ ఎక్కణ్ణుంచి వచ్చాడు

బషీర్ కిస్సాలో చికిత్స చట్టవిరుద్ధం ఎందుకు అని అమ్మీ అడిగింది. బిడ్డకి బాగు చేయించడం జుర్మ్ ఎట్లా అవుతుందని. దానికి జవాబ్ 1967లో ఉంది.

మొదటి 'స్టార్ ట్రెక్'లో 1967 ఫిబ్రవరి 16న 'స్పేస్ సీడ్' అనే ఎపిసోడ్ వచ్చింది. అందులో ఖాన్ నూనియన్ సింగ్ అనే కిర్దార్. కథలో అతను ఉత్తర హిందుస్థాన్ వాడు, బహుశా సిక్కు అని చెప్తారు. పేరేమో ఖాన్, ఇంటిపేరు సింగ్, వేసింది రికార్డో మోంటల్బాన్ అనే మెక్సికో నటుడు. మన ముల్క్ గురించి అప్పటి హాలీవుడ్‌కి ఎంత తెలుసో దీన్ని బట్టి తెలుస్తుంది. సైంటిస్టులు ఎంపిక చేసి పుట్టించిన 'మేలు రకం' మనుషుల్లో ఖాన్ ఒకడు. 1990ల్లో ఖాన్ దునియాలో నాలుగో వంతు పైన హుకూమత్ చేశాడని, తర్వాత ఘోరమైన జంగులు జరిగాయని, అప్పటి నుంచి మనిషి జన్యువుల్ని మార్చి మెరుగు చేయడం హరామ్ అయిపోయిందని కథ.

కానీ ఆ ఖౌఫ్ కథలోంచి పుట్టలేదు. నిజం తారీఖ్‌లోంచి పుట్టింది. మంచి రకం మనుషుల్ని పెంచాలి, చెడ్డ రకాన్ని తగ్గించాలి అనే ఆలోచనకి ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు ఆలిం 'యూజెనిక్స్' అని పేరు పెట్టాడు. ఏ సంవత్సరమో తెలుసా? అదే 1883. మన దగ్గర మాయా నగరాల దాస్తాన్ అచ్చవుతున్న రోజుల్లో, అక్కడ మనుషుల్ని రకాలుగా విడదీసే ఇల్మ్‌కి నామకరణం జరిగింది.

దాని ఫలితం చూడండి. 1927లో అమెరికా సుప్రీం కోర్టు క్యారీ బక్ అనే పేద పిల్లకి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయొచ్చని ఫైస్లా ఇచ్చింది. ఆమె మందబుద్ధి అని ముద్ర వేశారు. తర్వాత తెలిసింది, ఆమె అలాంటిది కాదు, ఆమె కూతురు స్కూల్లో బాగానే చదివింది అని. ఆ ముల్క్‌లో మొత్తం 60,000 మందికి పైగా ఇలా చేశారు. 1933లో జర్మనీలో హిట్లర్ హుకూమత్ ఇలాంటి ఖానూన్ తెచ్చి దాదాపు 4 లక్షల మందికి ఆపరేషన్లు చేసింది. ఆ తర్వాత ఏమైందో దునియాకి తెలుసు. 1967లో 'స్పేస్ సీడ్' చూసిన అమెరికా వాళ్లకి ఆ గాయం పచ్చిదే. యుద్ధం ముగిసి ఇరవై రెండేళ్లే.

మనకీ ఒక జ్ఞాపకం ఉంది. ఎమర్జెన్సీ. మన దగ్గర మాట జనాభా తగ్గించడం గురించే, రకాల గురించి కాదు. కానీ ఎవరి ఇంట్లో ఎంతమంది పిల్లలుండాలో లాఠీ పట్టుకుని సర్కార్ చెప్పిన రోజులవి. 1976 నవంబర్‌లో హర్యానాలోని ఉట్టావర్ అనే మేవాతీ ముసల్మానుల గ్రామాన్ని తెల్లవారకముందే పోలీసులు చుట్టుముట్టి మగవాళ్లని పట్టుకుపోయి నస్‌బందీ చేయించారు. మా నానా బతికున్నన్నాళ్లూ ఆ రెండేళ్ల గురించి మాట్లాడాలంటే గొంతు తగ్గించేవాడు. కాబట్టి ఔలాద్ విషయంలో సర్కార్ చేయి పెడితే ఎలా ఉంటుందో మన బుజుర్గులకి ఇంగ్లీషు సీరియల్ చెప్పక్కర్లేదు.

బషీర్ ఎవరు

ఖాన్ వచ్చిన ముప్పై ఏళ్ల ఎనిమిది రోజులకి బషీర్ రాజ్ బయటపడింది. ఈ రెండు పేర్ల మధ్య దూరం చూస్తే నాకు ఆశ్చర్యం. మొదటిసారి మన పేరు వచ్చింది దుష్మన్‌కి. రెండోసారి వచ్చింది మందు రాసి బతికించే డాక్టర్‌కి.

డాక్టర్ బషీర్‌గా వేసింది సుడాన్‌లో పుట్టిన నటుడు సిద్దీగ్ అల్ ఫాదిల్. బాప్ సుడానీ, మా ఇంగ్లీషు ఆమె. సుడాన్ వజీర్-ఎ-ఆజమ్‌గా చేసిన సాదిఖ్ అల్ మహదీకి భతీజా అవుతాడు. మొదటి మూడు సీజన్లు తెర మీద తన అసలు పేరే వేశారు. నాలుగో సీజన్ నుంచి అలెగ్జాండర్ సిద్దీగ్ అయ్యాడు. తెర మీద జూల్స్ జూలియన్ అయితే, తెర వెనక సిద్దీగ్ అలెగ్జాండర్ అయ్యాడు. బతుకుతెరువు కోసం పేరు కొంచెం కత్తిరించుకోవడం అంటే ఏమిటో బెంగళూరులో, పుణెలో అద్దె ఇల్లు వెతికిన మన పిల్లలకి చెప్పక్కర్లేదు.

అమ్మ అమ్షాగా వేసినావిడ ఇంకా వింత. ఫద్వా అల్ గిందీ. ఆమె అసలు వృత్తి నటన కాదు. ఈజిప్టులో పుట్టిన మానవ శాస్త్రవేత్త, ప్రొఫెసర్. ముస్లిం ఔరతుల పర్దా గురించి 1999లో ఆమె రాసిన పుస్తకం దునియా అంతటా చదువుతారు. నాన్న రిచర్డ్‌గా వేసిన బ్రయన్ జార్జ్ జెరూసలేంలో పుట్టిన యహూదీ. ఒక సుడానీ కొడుకు, ఒక ఈజిప్టు మా, ఒక యహూదీ బాప్. ఈ ముగ్గురూ కలిసి ఒక బషీర్ ఖాన్‌దాన్ అయ్యారు. కథలో వాళ్ల మజహబ్ గురించి ఒక్క మాట లేదు. కానీ అమ్షా కొడుకు చేయి పట్టుకున్న తీరు చూసి మా అమ్మీ, "అప్నీచ్ హై" అంది.

ఇంకో సంగతి. ఈ మలుపు సిద్దీగ్‌కి ముందు తెలియదు. ఐదేళ్లు ఒక కిర్దార్‌ని మోసి, అకస్మాత్తుగా నీ తెలివి నీది కాదు, కొన్నది అని చెప్తే ఏ నటుడికైనా కష్టమే. తనకు ఆ నిర్ణయం నచ్చలేదని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు కూడా. బహుశా ఆ చిరాకే తెర మీద కొడుకు కోపంగా మనకి కనిపిస్తుంది.

ఫిబ్రవరి 1997

ఒక్కోసారి కథకీ ఖబర్‌కీ మధ్య ముహూర్తం కుదురుతుంది. ఈ ఎపిసోడ్ వచ్చింది ఫిబ్రవరి 24న. దానికి రెండు రోజుల ముందే డాలీ అనే గొర్రెపిల్ల సంగతి దునియాకి తెలిసింది. స్కాట్లాండ్‌లో ఒక పెద్ద గొర్రె కణం నుంచి దానికి నకలుగా పుట్టించిన పిల్ల. అంతకుముందు జూలైలోనే పుట్టినా అప్పటిదాకా రాజ్‌గా ఉంచారు. సీరియల్ వాళ్లకి ఇది ముందుగా తెలిసే వీలు లేదు. కానీ చూసేవాళ్లకి ఆ వారం ఒకే సవాల్ రెండు వైపుల నుంచి వచ్చింది.

ఇరవై ఏళ్లు తిరిగేసరికి అది కథ కాకుండా పోయింది. 2018 నవంబర్‌లో చైనాలో హే జియాన్‌కుయ్ అనే సైంటిస్టు, గర్భం రాకముందే జన్యువులు మార్చిన ఆడ కవలలు పుట్టారని ప్రకటించాడు. 2019 డిసెంబర్‌లో అక్కడి అదాలత్ అతనికి మూడేళ్ల ఖైద్ వేసింది. రిచర్డ్ బషీర్‌కి కథలో వేసింది రెండేళ్లే.

మన ముల్క్‌లో కూడా ఈ సవాల్ దూరంగా లేదు. కడుపులో బిడ్డ ఆడా మగా అని చెప్పడం 1994 ఖానూన్ ప్రకారం జుర్మ్. ఆ ఖానూన్ ఎందుకు అవసరమైంది? బిడ్డ ఎలా ఉండాలో ముందే కోరుకునే వాల్దైన్ మన గల్లీల్లోనే ఉన్నారు కాబట్టి.

దాబా మీద మూడు జవాబులు

ఇప్పుడు మా ఇంటి బహస్‌కి వస్తాను. మూడు ముఠాలయ్యాయి.

భాంజాది ఒక వైపు. "వాళ్లు ఇలాజ్ చేయలేదు మామూ, జూల్స్‌ని మిటాయించేశారు. అడక్కుండా ఒక పిల్లవాణ్ణి తీసేసి ఇంకొకణ్ణి పెట్టారు. చెట్టుకీ ఇంటికీ తేడా తెలియని ఆ పిల్లవాడు ఎక్కడ? వాడి జనాజా ఎవరు చదివారు?" అన్నాడు. ఇరవై ఏళ్ల పిల్లవాడి నోట ఆ మాట విని అందరం ఉలిక్కిపడ్డాం.

అమ్మీది ఇంకో వైపు. "మా హై నా రే. తడప్‌తీ కి నహీ?" అంది. జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికి పోతాం, చూపు తగ్గితే ఐనక్ పెడతాం, మరి ఇది ఎందుకు గలత్? బిడ్డ బాధ చూసి చేతులు ముడుచుకుని కూర్చునే మా ఉంటుందా?

ఆపా నడుమ నిలబడింది. చేసింది గలతే, కానీ షర్మ్‌తో చేయలేదు, ఖౌఫ్‌తో చేశారు అంది. వాళ్ల చుట్టూ ఉన్న జమానా వెనకబడ్డ పిల్లవాడికి చోటు ఇవ్వలేదు, పరిగెత్తలేనివాణ్ణి పక్కకి నెట్టే స్కూలు అది, ముజ్రిమ్ ఆ స్కూలే అంది. ఆపా టీచర్. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు.

నడుమ భాంజా ఒక తారీఖ్ తప్పు కూడా పట్టాడు. ఎపిసోడ్‌లో నౌకాదళ అధికారి, ఖాన్ జంగులు రెండు వందల ఏళ్ల క్రితం జరిగాయంటాడు. పాత కథ ప్రకారం అవి 1990ల్లో. బషీర్ కథ జరిగేది 2373లో. అంటే దాదాపు నాలుగు వందల ఏళ్లు. రాసిన రొనాల్డ్ మూర్ తన పొరపాటు తర్వాత ఒప్పుకున్నాడట. ఇష్టపడి చూసేవాళ్ల కళ్లు ఇంత పదునుగా ఉంటాయి. దాస్తాన్‌గో ఒక పేరు తప్పు చెప్తే మెహ్‌ఫిల్‌లో ముసలాయన దగ్గి సరిదిద్దేవాడు. అదే ఆదత్.

"మామూ, మీరేమంటారు?" అని అడిగాడు. నేను కిందికి పోయి నీళ్లు తాగి వచ్చాను.

నేను చెప్పని జవాబు

మా తమ్ముడు ఛోటూ మా ఇంటి జూల్స్.

వాడికి అక్షరాలు నిలబడేవి కావు. ఉర్దూ 'బే'కీ 'పే'కీ, తెలుగు 'ప'కీ 'వ'కీ తేడా వాడి కంటికి జారిపోయేది. మౌల్వీ సాబ్ విసుక్కునేవారు, స్కూల్లో సార్లు బెత్తం తీసేవాళ్లు. డిస్లెక్సియా అనే మాట 2007లో ఆమిర్ ఖాన్ 'తారే జమీన్ పర్' వచ్చేదాకా మా మొహల్లాలో ఎవరూ వినలేదు. అప్పటికి ఛోటూకి మీసాలు వచ్చేశాయి.

అబ్బాజాన్ సౌదీలో ఉండేవారు. మా జిల్లా నుంచి ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న రోజులవి. అబ్బా పెద్ద కంపెనీలో సూపర్‌వైజర్ అని ఊరంతా చెప్పుకునేవాళ్లం. సెలవు మీద వచ్చినప్పుడు ఆయనే చెప్పేవారు, సూటు వేసుకుని, ఎడారిలో తన కింద ఎంతమంది పనిచేస్తారో. ఒకసారి ఆయన జేబులోంచి ఇఖామా కింద పడింది. నాకు పదిహేనేళ్లు. నాకు అరబీ చదవడం వచ్చు. పేషా దగ్గర 'సాయిఖ్' అని ఉంది. డ్రైవర్. ఎవరి ఇంట్లోనో డ్రైవర్. నేను ఆయన ముఖం మీద ఆ మాట అన్నాను. జూలియన్ అన్నట్టే అన్నాను. ఆయన ఏం మాట్లాడలేదు. ఇఖామా తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

ఆ డ్రైవర్ జీతంలోంచే ఛోటూని ఒక పెద్ద ఊళ్లో హాస్టల్ స్కూల్లో వేశారు. "వాణ్ణి కరెక్ట్ చేస్తాం" అని ఆ స్కూలు వాళ్లు వాదా చేశారు. ఏం చేశారో వాడి వీపు చెప్పింది. ఎనిమిది నెలల తర్వాత వాణ్ణి వెనక్కి తెచ్చుకున్నాం. దాని తర్వాత ఏడాది పాటు వాడు సరిగ్గా మాట్లాడలేదు.

మనకి దగ్గర్లోనే, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, 1984 నుంచే మానసిక ఎదుగుదల తక్కువైన పిల్లల కోసం ఒక జాతీయ సంస్థ ఉంది. పిల్లవాడి ఇబ్బంది ఏమిటో పరీక్ష చేసి, ఏ దారిలో నేర్పాలో వాల్దైన్‌కి చెప్పేవాళ్లున్న చోటు. మా ఇంటి ముందు నుంచి పోయే బస్సు సికింద్రాబాద్ పోతుంది. అయినా మా ఇంట్లో ఎవరికీ ఆ రాస్తా తెలియలేదు. దవాఖానాకి పోతే 'పాగల్' అంటారనే ఖౌఫ్ ఒకటి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల ఖానూన్ 21 రకాల ఇబ్బందుల్ని లెక్కలోకి తీసుకుంది. చదవడం రాయడంలో వచ్చే ఇబ్బంది కూడా అందులో ఉంది. అంటే ఛోటూకి ఉన్నదానికి సర్కార్ కాగితం మీద ఒక పేరు, ఒక హఖ్ దొరికేసరికి వాడికి పెళ్లై ఇద్దరు పిల్లలు.

ఇప్పుడు వాడు హైవే పక్కన మోటార్ వైండింగ్ దుకాణం పెట్టుకున్నాడు. యాసంగిలో బోరు మోటార్లు కాలిపోతే రైతులు వాడి దగ్గరికే తెస్తారు. రాగి తీగ ఎన్ని చుట్లో కాగితం మీద రాసుకోడు. వేళ్లకి గుర్తు. ఒకసారి విప్పిన మోటారు మళ్లీ ఎన్నేళ్లకి వచ్చినా, ఇది ఫలానా పటేల్ ది, కిందటిసారి ఈ వైపు కాలింది అంటాడు. కరెంటు బిల్లు మాత్రం పెద్ద కూతురితో చదివించుకుంటాడు.

అబ్బాజాన్‌కి ఆ రోజుల్లో రిచర్డ్‌లాగా ఒక చికిత్స దొరికి ఉంటే? నన్ను అడగండి. ఆయన ఇల్లు అమ్మైనా చేయించేవారు. నేను సంతకం పెట్టేవాణ్ణి. అప్పుడు ఛోటూ కూడా నాలాగే కుర్చీలో కూర్చునే ఉద్యోగం చేసేవాడేమో. కానీ ఆ వేళ్లు ఉండేవా? భాంజా అడిగింది అదే. అమ్మీ అన్నదీ నిజమే, ఆ ఎనిమిది నెలల రాత్రుళ్లు ఆమె ఎలా గడిపిందో నేను చూశాను. ఈ రెండు నిజాల మధ్య నాకు ఫైస్లా రాదు. నాకు తెలిసింది ఒక్కటి. ఖాన్‌ని పుట్టించినవాళ్లకీ రిచర్డ్‌కీ ఒక తేడా ఉంది. వాళ్లకి మేలు రకం మనిషి కావాలి. రిచర్డ్‌కి తన కొడుకు కావాలి. రాస్తా ఒకటే కావచ్చు, నీయత్ వేరు. అయితే నీయత్ మంచిదైనంత మాత్రాన, పిల్లవాడి వీపు మీద మచ్చ పోదు. ఇది కూడా మా ఇల్లు నేర్చుకున్నదే.

జూలియన్‌కి ఒక నసీబ్ దక్కింది. తన బాప్ తన కోసం ఏం ఇచ్చాడో కళ్లారా చూశాడు. నేను మాత్రం ఇఖామా మాట అన్నానే తప్ప, ఆ డ్రైవర్ పని ఎవరి కోసం చేశారని ఒక్కసారి కూడా అడగలేదు. అబ్బాజాన్ పోయి ఆరేళ్లు. మాఫీ అడగడానికి ఇప్పుడు దువా ఒక్కటే మిగిలింది.

ఆ రాత్రి సహరీకి ముందు కిందికి దిగాను. ఛోటూ అప్పుడే దుకాణం మూసి వచ్చాడు, చేతులకి వార్నిష్ వాసన. "పైన ఏం లొల్లి భాయ్?" అన్నాడు. ఒక సీరియల్ గురించి, ఒక బాప్ గురించి అన్నాను. "అచ్ఛా థా క్యా, బాప్?" అని అడిగాడు.

"అచ్ఛా థా" అన్నాను. మూడు గంటల బహస్‌లో చెప్పలేని జవాబ్ వాడికి చెప్పేశాను. వాడు చేతులు కడుక్కోవడానికి పోయాడు.

మీ ఇంట్లో కూడా ఒక జూల్స్ ఉండి ఉంటాడు. వాణ్ణి మార్చేముందు ఒకసారి వాడి వేళ్లు చూడండి.